మోదుగు పనితనం

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి తెలంగాణలోని బాన్సువాడ చుట్టుపక్కల నేల రెండు రంగుల్లో కనిపిస్తుంది. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే వైపంతా యాసంగి వరి పచ్చగా ఉంటుంది. కాలువ అందని గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి అడవుల వైపు వెళ్తే చాలా చెట్లకు ఆకే ఉండదు. ఆ బోడి కొమ్మల మధ్య ఒక చెట్టు ఒంటినిండా ఎర్రగా పూసి నిలబడుతుంది. అదే మోదుగు.

హోళీకి ఆ పూలు ఉడకబెట్టి రంగు తీస్తారు. శివరాత్రికి శివుడికి పెడతారు. ఆకులతో విస్తర్లు కుడతారు. ఇదంతా అందరికీ తెలిసిన మోదుగే. మనం పెద్దగా పట్టించుకోనిది దాని పనితనం. ఏ పని ముందు, ఏ పని వెనక, దేనికి ఎంత ఖర్చు అన్న లెక్కలో ఈ చెట్టును మించినది మా వైపు నాకు కనబడలేదు. ఆకు లేకుండా నిలబడే ఆ రెండు మూడు నెలలూ చెట్టు పడుకుందనుకుంటాం. నిజానికి ఏడాది మొత్తంలో దాని నేర్పు బయటపడేది అప్పుడే.

ముందు ఆ చెట్టుకు దక్కిన వాతావరణం సంగతి. బాన్సువాడ భూమధ్యరేఖకు ఉత్తరాన 18 డిగ్రీలు దాటాక ఉంది. ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన. అంకె చూస్తే తక్కువేమీ కాదు. అయితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. నవంబరు నుంచి మే దాకా ఎప్పుడో ఒక అకాల వాన తప్ప మొగులు నుంచి చుక్క రాలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి దిగిన రోజులూ ఉన్నాయి. నేల కూడా ఒక్క తీరుగా ఉండదు. పడమరన జుక్కల్, మద్నూర్ వైపు నల్లరేగడి. తూర్పున ఎర్ర చెలకలు, మొరం, గ్రానైటు గుట్టలు. నల్లరేగడి వానల్లో నీరు నిలిపి వేళ్లకు గాలి ఆడనివ్వదు, ఎండల్లో నెర్రెలు విచ్చి సన్నని వేళ్లను తెంపేస్తుంది. మోదుగు రేగడిలోనూ బతుకుతుంది, చెలకలోనూ బతుకుతుంది. ఉప్పు తేలిన చౌడులో కూడా తట్టుకుంటుంది.

ఇక పని మొదలయ్యేది ఆకు రాల్చడంతో. ఎండకు వాడి రాలిపోయిందని మనం అనుకుంటాం గానీ, వాడిన ఆకు కొమ్మకే వేలాడుతుంది. విరిగిన కొమ్మ మీద ఎండిన ఆకులు నెలల తరబడి రాలకపోవడం ఎవరైనా చూసి ఉంటారు. ఆకు రాలాలంటే చెట్టు బతికి ఉండాలి, పని చెయ్యాలి. చలి తిరిగే రోజుల్లో మోదుగు తన ఆకుల్లో ఉన్న నత్రజనిని, భాస్వరాన్ని విడగొట్టి కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. ఆకురాల్చే చెట్లు మామూలుగా ఈ రెండింటిలో సగం దాకా, కొన్ని అంతకు మించి కూడా, ఇలా వెనక్కి తీసుకుంటాయి. ఆకు పసుపు తిరగడం ఆ పని జరుగుతోందనడానికి గుర్తు. తర్వాత తొడిమ మొదట్లో సన్నని కణాల పొర ఒకటి ఏర్పడి, ఆ కణాల మధ్య జిగురు కరిగిపోతుంది. దాని కిందనే బెండులాంటి పొర మరొకటి కట్టుకుంటుంది. ఆకు తెగేనాటికే గాయం మూసుకుని ఉంటుంది. నీరు కారదు, బూజు దూరదు. రాలిన చోట కొమ్మ మీద నున్నటి మచ్చ మిగులుతుంది. వేలితో తడిమితే ఎంత శుభ్రంగా మూసిందో తెలుస్తుంది.

ఈ కణుపు పని ఇంకా బాగా కనిపించేది సీతాఫలం చెట్టులో. డిసెంబరులో సీతాఫలం కొమ్మ పట్టుకుని మొగ్గ కోసం వెతకండి. ఆకు మొదట్లో పైకి ఏమీ కనిపించదు. ముదిరిన ఆకును మెల్లగా కిందికి లాగితే, తొడిమ అడుగు భాగం గుల్లగా ఉండి, దాని లోపల దాక్కున్న మొగ్గ బయటపడుతుంది. ఆకు ఉన్నంత కాలం మొగ్గకు అదే తొడుగు. ఆకు రాలితే తప్ప ఆ మొగ్గ చిగురించడానికి దారి లేదు. పాత ఆకు పోవడం, కొత్త కొమ్మ రావడం రెండూ ఒకే కీలు మీద నడిచేలా చేసిన ఏర్పాటు అది. గుట్టల మీద ఎవరూ నీళ్లు పొయ్యని సీతాఫలం చెట్లు ఏటా తప్పకుండా కాయడంలో ఈ కీలుకూ వాటా ఉంది.

మళ్లీ మోదుగు దగ్గరికి. ఆకు రాల్చిన చెట్టుకు నీటి ఖర్చు ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా ఆకుల గుండా గాలిలో కలిసిపోతున్న నీరు ఇప్పుడు చెట్టులోనే ఆగుతుంది. పైన నేల పొడిగా ఉన్నా, పగిలిన రాతి సందుల్లో, మొరం కింద లోతున చెమ్మ మిగిలి ఉంటుంది. వేళ్లు దాన్ని కొద్దికొద్దిగా తాగుతుంటే కాండం, కొమ్మలు మళ్లీ నీటితో నిండుతాయి. చుక్క వాన లేకుండానే మొగ్గలు ఉబ్బడం ఇలాగే సాధ్యమవుతుంది.

ఆ నిండిన నీటిని మోదుగు ముందుగా ఆకులకు ఇవ్వదు, పూలకు ఇస్తుంది. ఈ వరసలోనే దాని తెలివి కనిపిస్తుంది. ఆకులు ముందు వస్తే పూలు వాటి చాటున పడతాయి. ఆకు లేని కొమ్మ మీద పువ్వు కోసెడు దూరానికి కనిపిస్తుంది. గోరింకలు, కొత్వాలు పిట్టలు, తేనెపిట్టలు వచ్చి వాలడానికి అడ్డం ఉండదు. ఆ నెలల్లో అడవిలో తాగడానికి నీరు తక్కువ, పండ్లు తక్కువ. అలాంటప్పుడు ఒక్కో పువ్వు అడుగున మకరందం పెట్టి పిలిస్తే రాని పిట్ట ఉండదు.

ఒక పువ్వును కోసి అరచేతిలో పెట్టుకుని చూడాలి. పొడవు ఒకటిన్నర, రెండు అంగుళాలు. అడుగున ముదురు గోధుమ రంగులో, దాదాపు నల్లగా, మఖమల్‌లా మెత్తగా ఉండే దొప్ప. ఆ నలుపు పక్కనే కాషాయపు ఎరుపు. రెండు రంగులు అలా ఆనుకోవడం వల్లే చెట్టు మొత్తం అంత మండుతున్నట్టు కనిపిస్తుంది. రేకులు అయిదు. వెనక ఒకటి పెద్దది, పక్కన రెండు, ముందున్న రెండూ కలిసి చిలుక ముక్కులా వంగి ఒక తొట్టి కడతాయి. రేకుల బయటి వైపు వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తే సన్నని వెండి నూగు కనిపిస్తుంది. పది కేసరాలూ, కీలాగ్రమూ ఆ వంగిన తొట్టి లోపల దాగి ఉంటాయి. పిట్ట మకరందం కోసం తల దూర్చి తొట్టిని నొక్కితే కేసరాలు బయటికి వచ్చి దాని మెడకో రొమ్ముకో పుప్పొడి పూస్తాయి. పిట్ట వెళ్లగానే తొట్టి మళ్లీ మూసుకుంటుంది. ఎండకు పుప్పొడి ఎండిపోకుండా, పనికిరాని పురుగు తినిపోకుండా ఈ మూత కాపాడుతుంది. తొట్టిని నొక్కగల అతిథికే తలుపు తెరుచుకుంటుంది. రేకు మందంగా, కండగా ఉండేది కూడా ముక్కుపోట్లు తట్టుకోవడానికే.

కాయలో పొదుపు ఇంకా ఎక్కువ. చిక్కుడు జాతి చెట్టు కదా, కాయ నిండా గింజలుంటాయని అనుకుంటాం. మోదుగు కాయలో గింజ ఒక్కటే. నాలుగైదు అంగుళాల పొడవుండే పల్చని కాయలో ఆ ఒక్క గింజా చివరన ఉంటుంది. మిగతాదంతా తేలికైన రెక్క. మే నెల గాడ్పులకు కాయ ఊడి, గాలి పట్టుకుని తల్లి చెట్టు నీడ దాటి పోయి పడుతుంది. తొలకరి దగ్గర పడే రోజులవి. గింజ నేల మీద ఎక్కువ కాలం పురుగుల పాలు కాకుండా, వాన పడగానే మొలుస్తుంది. అంటే ఫాల్గుణంలో పూయడం వెనక జూన్ వాన లెక్క ఉంది. పూతకు ఇన్ని రోజులు, కాయ ముదరడానికి ఇన్ని రోజులు అని వెనక్కి లెక్కగట్టుకుంటూ వస్తే పువ్వు సరిగ్గా ఎండాకాలం మొదట్లోనే విచ్చుకోవాలి. ఇంకో రెండు నెలలు ఆగి, ఆకులతో పాటు తీరిగ్గా పూస్తే, ఆ ఏటి గింజకు మొలవడానికీ వేరు దించుకోవడానికీ సమయం చాలదు.

ఈ చెట్టు శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మా. అందులో రెండో మాట ఒక్క గింజ సంగతే చెబుతుంది. ఈ చెట్టు శాస్త్ర లోకానికి పరిచయం కావడంలో తెలుగు నేలకు పెద్ద భాగమే ఉంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉంటూ కోరమండల్ తీరపు మొక్కల బొమ్మలు స్థానిక చిత్రకారులతో వేయించాడు. 1795లో మొదలుపెట్టి అచ్చువేసిన ఆ పెద్ద గ్రంథం మొదటి సంపుటంలోనే మోదుగు ఉంది. బ్యూటియా అన్న పేరు ఆలోచించింది లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్. 1785లో ఆయన కన్నుమూసింది కాకినాడ దగ్గర జగన్నాథపురంలో. రాక్స్‌బర్గ్ చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా అడిగి రాసిపెట్టాడు. ఆ బొమ్మలు వేసిన చేతుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పూత అయ్యాక చిగురు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచే ఘట్టం ఇది. ఏప్రిల్ ఎండలో, నేలలో పైన చెమ్మ లేనప్పుడు, వానకు ఇంకా ఆరేడు వారాలు ఉండగా మోదుగు కొత్త ఆకు వేస్తుంది. మోదుగు ఒక్కటే కాదు. వేప అంతే, రావి అంతే, తునికి అంతే. మనం ఉగాది పచ్చడిలో వేసుకునే వేప పువ్వు, తలుపుకు కట్టే మావిడాకు, కవులందరూ పొగిడిన వసంతం, అన్నీ ఎండు నేల మీద వచ్చినవే. తెలుగువాళ్ల కొత్త సంవత్సరం వాన కురిసినప్పుడు మొదలుకాదు, చెట్లు వానను నమ్మి చిగురు వేసినప్పుడు మొదలవుతుంది.

ఎందుకింత తొందర? వాన పడ్డాక చిగురిస్తే ప్రమాదం లేదు కదా? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులనూ వేధించింది. స్టీఫెన్ ఇలియట్, పాట్రిక్ బేకర్, రాల్ఫ్ బోర్షర్ట్ అనే ముగ్గురు ఆసియా రుతుపవన అడవులను పరిశీలించి 2006లో ఒక వ్యాసం రాశారు. వానకు నెలా రెండు నెలల ముందే ఇక్కడి చెట్లు చిగురిస్తాయని, ఆ చిగురుకు సంకేతం పొద్దు పెరగడమేనని వాళ్లు వాదించారు. బాన్సువాడ లాంటి చోట ఏడాదిలో అతి చిన్న పగటికీ, అతి పెద్ద పగటికీ రెండు గంటల పైచిలుకు తేడా ఉంటుంది. వాన తేదీ ఏటా మారుతుంది. ఉష్ణోగ్రతా మారుతుంది. పొద్దు మాత్రం మారదు. చెట్టు మారని దాన్ని పట్టుకుంది.

లాభం ఏమిటో కూడా కనిపిస్తూనే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఎండ వానకాలంలో మబ్బుల మధ్య దొరకదు. వాన పడిన మొదటి రోజుకే ఆకు ముదిరి ఉంటే, ఆ రోజు నుంచే తిండి తయారీ మొదలుపెట్టొచ్చు. వాన కోసం ఆగి చిగురేస్తే ఉన్న నాలుగు నెలల్లో రెండు మూడు వారాలు ఆకు ఎదగడానికే పోతాయి. పురుగుల సంగతీ ఉంది. కె.ఎస్. మురళి, రామన్ సుకుమార్ తమిళనాడులోని ముదుమలై అడవిలో చేసిన పరిశీలనను 1993లో ప్రకటించారు. ఎండల్లోనే ముందుగా చిగురు వేసిన చెట్లకు పురుగుల నష్టం తక్కువ, వానల్లో చిగురు వేసిన వాటికి ఎక్కువ అని అందులో తేలింది. ఆకుతినే పురుగులు వానతో పాటే పెరుగుతాయి. అప్పటికి మోదుగు ఆకు లేతదనం పోయి తోలులా బిగుసుకుని ఉంటుంది. వేడి అన్నం, పప్పు వడ్డించినా విస్తరి కారకుండా నిలబడుతుందంటే ఆ బిగువు వల్లే.

కొత్త మోదుగాకును ఎండలో చూడండి. రాగి కలిసిన లేత ఆకుపచ్చ. మూడు ఆకులు ఒకే కాడకు. వెనక వైపంతా పట్టులాంటి నూగు. ఆ నూగు ఎండను కొంత వెనక్కి కొడుతుంది, ఆకును ఆనుకుని ఉన్న గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచి చెమ్మ పోకుండా ఆపుతుంది. ఆకు ముదిరేకొద్దీ పై వైపు నూగు పోయి నున్నబడుతుంది, కింద మిగులుతుంది. కాడ మొదట్లో కాస్త ఉబ్బిన కీలు ఉంటుంది. ఆవులు, మేకలు మోదుగాకును అంతగా ముట్టవు. అందుకే గట్ల మీద, మేత బీళ్లలో మిగతావన్నీ మోడువారినా మోదుగు మిగులుతుంది. నరికితే మొదలు నుంచి చిగురిస్తుంది. వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. మందమైన బెరడు చిన్న మంటలను తట్టుకుంటుంది.

తునికి గురించి చెప్పకుండా ఈ వైపు చెట్ల మాట పూర్తికాదు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో వేల మంది ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు నడిపారు, ఇప్పటికీ నడుపుతున్నారు. ఆ బీడీ ఆకు తునికి చెట్టుది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అడవిలో తునికి పొదలను నరికేస్తారు. నలభై, నలభై అయిదు రోజులకు కొత్త చిగుళ్లు వచ్చి, ఏప్రిల్, మేలో కోతకు వస్తాయి. యాభై ఆకులు ఒక కట్ట. కల్లంలో పరిచి ఆరబెడతారు. నలభై మూడు డిగ్రీల ఎండలో, వాన లేకుండా, నరికిన మొద్దు మీద అంత మెత్తటి ఆకు ఎక్కడి నుంచి వచ్చింది? వేరు నుంచి. తునికి మొక్క మొలిచిన మొదటి ఏడు పైకి పెరగడం కంటే కిందికి వేరు దించడానికే కష్టపడుతుంది. పైన మొలక ఎండకు మాడిపోతుంది. వానకు మళ్లీ వేరు నుంచి లేస్తుంది. మళ్లీ మాడుతుంది. ఇలా ఏళ్లకేళ్లు గడిచాక, వేరు లావెక్కి, ఒక ఎండాకాలాన్ని పూర్తిగా మోయగల బలం వచ్చాక మాత్రమే పైన కాండం నిలుస్తుంది. టేకు మొక్క అడవిలో సహజంగా ఎదిగేదీ చాలావరకు ఇదే పద్ధతిలో. జానెడు ఎత్తున్న తునికి మొక్కను ఈ ఏటి మొలక అనుకుని కాలితో తొక్కేస్తాం. దాని వేరు వయసు పదేళ్లు ఉండొచ్చు.

ఇక్కడి ఎండను ఎదుర్కొనే ఈ నేర్పు, హిమాలయాల మీద చలిని ఎదుర్కొనే నేర్పుకు దగ్గరి చుట్టం. నాలుగు వేల మీటర్లు దాటాక చాలాచోట్ల చెట్టు నిలవదు. మొక్కకు మంచు లేని రోజులు రెండు మూడు నెలలే దొరుకుతాయి. అక్కడి మొక్కలు నేలను కరుచుకుని, కొమ్మ మీద కొమ్మ బిగించి గుండ్రటి దిండ్లలా పెరుగుతాయి. ఎండ ఉన్న పూట ఆ దిండు లోపల చుట్టూ ఉన్న గాలి కంటే పది డిగ్రీలకు పైగా వెచ్చగా ఉండగలదు. బ్రహ్మకమలం, అంటే మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట పూసేది కాదు, ఉత్తరాఖండ్ కొండల మీది అసలుది, తన పూలగుత్తిని పల్చటి కాగితంలాంటి ఆకులతో చుట్టి ఉంచుతుంది. సిక్కిం కొండల్లోని రియమ్ నోబిలే అనే మొక్క మనిషెత్తు లేచి, వెలుతురు దూరే లేత పసుపు రేకాకులతో తన పూలకు వెచ్చని గది కట్టుకుంటుంది. ఆ వెచ్చదనం మీదే దాని పుప్పొడి, గింజ ఆధారపడతాయి.

ముందుచూపులో వీటన్నిటినీ మించినది బిస్టార్టా వివిపారా అనే చిన్న మొక్క. లడఖ్‌లోనూ ఉంటుంది, అమెరికా కొండల మీదా ఉంటుంది. వృక్షశాస్త్రవేత్త పమేలా డిగిల్ కొలరాడో కొండల మీద దీన్ని కోసి, మొగ్గలను సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కగట్టారు. ఒక ఆకు గానీ పూలకంకి గానీ మొదటి మొటికగా పుట్టిన నాటి నుంచి పూర్తిగా విచ్చుకునేదాకా నాలుగేళ్లు పడుతుందని 1997లో ప్రకటించారు. ఈ వేసవిలో కనిపించే పువ్వు నాలుగేళ్ల కిందటి వేసవిలో మొదలైన పని. ఒక్కో ఏడు దొరికే కొద్ది వారాల్లో కొంత కొంత చేసుకుంటూ, వేర్వేరు ఏళ్లలో మొదలైన మొటికలను వేర్వేరు దశల్లో ఒకేసారి నడిపిస్తూ వస్తుంది.

ఆ ఎత్తుల్లో చలి ముందుగా ఆపేది ఏమిటన్నది చాలాకాలం వాదనగా ఉంది. బాసెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రిస్టియన్ కోర్నర్ దశాబ్దాల పరిశోధనతో చూపించింది ఇది: అయిదు డిగ్రీల దగ్గర కూడా ఆకు ఎండ నుంచి బాగానే తిండి తయారు చేసుకుంటుంది, కానీ కొత్త కణాలు కట్టే పని దాదాపు ఆగిపోతుంది. తిండి లేక ఎదగడం ఆగదు. కట్టడం కుదరక ఆగుతుంది. మన ఎండు నేలలోనూ వరస ఇదే. కణం సాగాలంటే లోపల నీటి ఒత్తిడి కావాలి. నేలలో చెమ్మ తగ్గగానే ముందుగా ఎదుగుదల ఆగుతుంది, ఆకులో తిండి తయారీ ఇంకొన్నాళ్లు నడుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మోదుగు పైకి ఒక్క కొత్త ఆకు వెయ్యకుండా నిలబడి చేసేది ఆ పనే. అప్పుడు చేసిన తిండంతా పిండి పదార్థంగా కాండంలో, వేళ్లలో చేరుతుంది. ఫాల్గుణంలో ఆకు లేని చెట్టు అన్ని పూలకు ఖర్చు పెట్టేది ఆ నిల్వ నుంచే. ఈ సంగతి తెలిసిన తర్వాత నాకు మోదుగు పూత మీద గౌరవం రెట్టింపయింది.

చలి మాట వచ్చింది కాబట్టి వరి మడి దగ్గర కాసేపు ఆగాలి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి రెండో పంట ఇచ్చింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన ఆ ఆనకట్ట వల్ల యాసంగిలో నీటి కరువు తీరింది, కానీ చలి మిగిలింది. వరి వేడి నేలల మొక్క. డిసెంబరు, జనవరిలో నారు పసుపెక్కి, కొనలు ఎర్రబారి, ఎదగకుండా కూర్చుంటుంది. వరి మొక్కలో ఎదిగే మొన ఎక్కడుంటుందో తెలిస్తే రైతు చేసే పని అర్థమవుతుంది. పైకి ఆకులు లేచినా, ఆ ఆకులను పుట్టించే మొన అడుగున, నేలకు ఆనుకుని నీటిలోనే ఉంటుంది. పొట్టకు వచ్చే ముందు కాండం లేచే దాకా అది అక్కడే. అంటే నారుకు తగిలే చలి గాలి చలి కంటే ముందు నీటి చలి. అందుకే రాత్రంతా చల్లబడ్డ నీటిని పొద్దున్నే తీసేసి కొత్త నీరు పెడతారు. సాయంత్రం మడి మీద పట్టాలు, పాలిథీన్ కవర్లు కప్పి, పొద్దెక్కాక తీస్తారు. చలిని తట్టుకునే రకంగా తెల్లహంసకు పేరుంది.

వర్ని, కోటగిరి, రుద్రూరు, బాన్సువాడ వైపు రైతులు ఇంకో అడుగు ముందుకు వేశారు. తెలంగాణలో చాలాచోట్ల కంటే ముందే వీళ్లు యాసంగి నాట్లు వేసేస్తారు. చలి ముదరకముందే నారు పోసి, డిసెంబరులోనే నాటి, మార్చిలో వడగండ్ల వానలు ఊపందుకునేలోపు కోసుకోవాలని చూస్తారు. ఇదీ వెనక్కి కట్టుకున్న లెక్కే. మోదుగు తొలకరి తేదీ నుంచి వెనక్కి లెక్కగడితే, ఈ రైతు వడగండ్ల తేదీ నుంచి వెనక్కి లెక్కగట్టాడు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉన్నా, ఈ తేదీల జ్ఞానం ఎక్కువగా పొలం గట్ల మీద పుట్టి పెరిగింది. చలి నెలల్లో వరి నెమ్మదిస్తుందనీ, వానకాలంలో పండే రోజుల కంటే యాసంగిలో అదే రకం ఎక్కువ రోజులు తీసుకుంటుందనీ ఇక్కడి పెద్దలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మోదుగు లాంటి చెట్లకు ఒక చిక్కు ఉంది. రైతు తేదీ మార్చుకోగలడు. పొద్దును నమ్మి చిగురేసే చెట్టు మార్చుకోలేదు. వాన జూన్ రెండో వారం దాటి ఆలస్యమైతే, ఏప్రిల్‌లో వేసిన ఆకుల్ని అది లోతు చెమ్మ మీదే మోయాలి. లోతున చెమ్మ ఉండాలంటే పైన నేల మీద ఆకు చెత్త ఉండాలి, చెట్టు కింద గడ్డి ఉండాలి, పడ్డ వాన పారిపోకుండా ఇంకాలి. ఏటా మార్చిలో గట్ల మీద, అడవి అంచుల్లో పెట్టే మంటలు ఆ చెత్తనే కాల్చేస్తున్నాయి. పెద్ద మోదుగు తట్టుకుంటుంది. వేరు లావెక్కడానికి ఏళ్లుగా కష్టపడుతున్న తునికి, టేకు మొక్కలు ప్రతి మంటకూ మళ్లీ మొదటికి వస్తాయి.

కాబట్టి గట్టు మీద ఉన్న మోదుగును పనికిరాని చెట్టని కొట్టకండి. దాని నీడ వల్ల వరికి కొద్దిగా నష్టం ఉంటుంది, నిజమే. యాసంగి వరికి ఎండ బాగా కావలసిన రోజుల్లో దానికి అసలు ఆకే ఉండదని గమనించండి. ఆకు రాల్చిన చెట్టు కింద చెత్తను ఊడ్చి కాల్చకుండా అలాగే వదిలేయండి. బడి పిల్లలను ఒక్కసారి ఫిబ్రవరిలో, ఒక్కసారి ఏప్రిల్ చివర్లో, ఒక్కసారి జూన్ తొలి వానకు అదే చెట్టు దగ్గరికి తీసుకెళ్లి కణుపు, పువ్వు, కాయ, చిగురు చేతిలో పెట్టి చూపించండి. వృక్షశాస్త్రం పాఠం దానికంటే బాగా చెప్పే పుస్తకం మన దగ్గర లేదు.